జడ్జి కంటే ముందు జైలు: అమెరికా కౌంటీ జైల్లో బుకింగ్ ఎలా జరుగుతుంది?

మన దగ్గర అరెస్ట్ అంటే ఒక వరస ఉంటుంది. ముందు పోలీస్ స్టేషన్, తర్వాత ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్య పరీక్ష, 24 గంటలు దాటకుండా మేజిస్ట్రేట్ ముందు హాజరు. మేజిస్ట్రేట్ రిమాండ్ రాస్తేనే చంచల్‌గూడ అయినా రాజమండ్రి అయినా గేటు తెరుచుకుంటుంది. అమెరికాలో ఈ వరస తిరగబడుతుంది. అరెస్ట్ చేసిన పోలీసు కారు చాలా ఊళ్లలో నేరుగా కౌంటీ జైలుకే వెళ్తుంది. మనిషి ముందు జైలు చూస్తాడు, జడ్జిని ఆ తర్వాత చూస్తాడు. ఈ రెంటి మధ్య జరిగే తతంగం పేరు బుకింగ్.

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, న్యూజెర్సీ లాంటి చోట్ల తెలుగువాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఈ మాట తెలుగు ఇళ్లలోనూ వినపడుతోంది. ఏ తెల్లవారుజామునో గుంటూరుకో కరీంనగర్‌కో ఫోన్ వస్తుంది, మీవాడు జైల్లో ఉన్నాడని. ఇక్కడ జైలు అనే మాటకున్న బరువంతా ఒక్కసారిగా ఇంటి మీద పడుతుంది. అక్కడున్న స్నేహితులేమో 'ఏం కాదు ఆంటీ, రేపు బాండ్ కట్టి తెచ్చేస్తాం' అంటారు. బాండ్ అంటే బెయిల్ కోసం కట్టే పూచీ. రెండూ సగం సగం నిజాలు. చిన్న కేసుల్లో మనిషి మర్నాడు బయటికి రావడం మామూలే. ఆ రాత్రి జైలు కంప్యూటర్‌లో తయారైన రికార్డుకు మాత్రం బెయిల్ లేదు.

తెలుగులో జైలు అన్నా కారాగారం అన్నా ఒకటే. అమెరికాలో జైల్ వేరు, ప్రిజన్ వేరు. శిక్ష పడి ఏడాదికి మించి ఉండాల్సినవాళ్లు రాష్ట్ర ప్రభుత్వం నడిపే ప్రిజన్‌కు వెళ్తారు. కౌంటీ జైల్లో ఉండేది ఎక్కువగా ఇంకా కేసు తేలనివాళ్లు, చిన్న శిక్షలు అనుభవిస్తున్నవాళ్లు. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా అనుకోవచ్చు. ఒక్క టెక్సస్‌లోనే 254 కౌంటీలున్నాయి. జైలును నడిపేది సాధారణంగా షెరిఫ్. చాలా రాష్ట్రాల్లో ఆయన ఓట్లతో గెలిచి వచ్చిన మనిషి. మన జిల్లా ఎస్పీ ఎన్నికల్లో పోటీ చేసి, గెలిచాక జైలు కూడా తానే నడిపితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆ పదవి ఏమిటో అర్థమవుతుంది. అందుకే ఒక కౌంటీకీ పక్క కౌంటీకీ పద్ధతుల్లో తేడా ఉంటుంది. దేశమంతటికీ వర్తించే ఒకే జైలు మాన్యువల్ అంటూ లేదు.

అమెరికా న్యాయ శాఖ గణాంకాల ప్రకారం 2022 జూన్‌తో ముగిసిన ఏడాదిలో ఇలాంటి స్థానిక జైళ్లలో 73 లక్షల సార్లు బుకింగ్ జరిగింది. ఒకే మనిషి రెండు మూడు సార్లు వచ్చి ఉండొచ్చు కాబట్టి ఇది మనుషుల లెక్క కాదు, ఎంట్రీల లెక్క. కానీ ఏ ఒక్క రోజు చూసినా లోపల ఉన్నది ఆరున్నర లక్షల మందికి కాస్త పైన. అంటే వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, పోయేవాళ్లు పోతూనే ఉంటారు. బస్టాండ్ లాంటి చోటు. లోపలున్న ప్రతి పది మందిలో దాదాపు ఏడుగురు ఇంకా ఏ కోర్టూ దోషి అని తేల్చనివాళ్లు.

చాలా చిన్న తప్పులకు కూడా ఇక్కడికి రావచ్చు. 1997లో టెక్సస్‌లోని లాగో విస్టా అనే ఊళ్లో గెయిల్ ఆట్‌వాటర్ అనే తల్లిని, ముందు సీట్లో ఉన్న పిల్లలకూ తనకూ సీటు బెల్టు లేదని పోలీసు అధికారి బేడీలు వేసి తీసుకెళ్లాడు. ఆ నేరానికి చట్టంలో ఉన్న పెద్ద శిక్ష 50 డాలర్ల జరిమానా. ఆమెను ఫొటో తీశారు, గంట సేపు గదిలో ఉంచారు, 310 డాలర్ల బాండ్ మీద వదిలారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జరిమానా తప్ప జైలు శిక్షే లేని నేరానికైనా పోలీసు కళ్ల ముందు జరిగితే అరెస్ట్ చేయవచ్చని 2001లో అయిదుగురు జడ్జిలు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలబడి తేల్చారు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ముందు నోటీసు ఇవ్వాలన్న మన పాత సీఆర్‌పీసీ '41ఏ' పద్ధతికి (2024 జులై నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 35) అలవాటుపడినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది. నోటీసు ఇచ్చి పంపడం అక్కడా ఉంది. ఇవ్వాలా, బేడీలు వేయాలా అన్నది చాలావరకు రోడ్డు మీదున్న అధికారి ఇష్టం.

తెలుగువాళ్లు ఎక్కువగా తగులుకునే కేసులు మూడు రకాలు. తాగి బండి నడపడం, షాపులో బిల్లు కట్టకుండా వస్తువు తీసుకోవడం, ఇంట్లో భార్యాభర్తల గొడవ. టెక్సస్‌లో 100 డాలర్ల లోపు దొంగతనం జరిమానాతో పోతుంది. 100 దాటితే 180 రోజుల దాకా, 750 దాటితే ఏడాది దాకా జైలు పడే నేరమవుతుంది. సెల్ఫ్ చెకౌట్‌లో నాలుగు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నవాళ్లు ఈ అంకెల సంగతి తర్వాత తెలుసుకుంటారు.

గేటు లోపల

పోలీసు కారు జైలు వెనకవైపు ఉండే ఒక షెడ్డులోకి వెళ్తుంది. వెనక షట్టర్ పూర్తిగా మూతపడ్డాకే ముందున్న తలుపు తెరుచుకుంటుంది. అక్కడి నుంచి మనిషి పోలీసు చేతిలోంచి జైలు సిబ్బంది చేతిలోకి మారతాడు. చాలా జైళ్లలో ముందే ఒక నర్సు చూస్తుంది. తల పగిలి ఉన్నా, స్పృహ సరిగా లేకపోయినా, మత్తు మరీ ఎక్కువగా ఉన్నా జైలు తీసుకోదు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లమంటుంది.

తర్వాత ఒంటి మీది వస్తువులు. జేబులన్నీ ఖాళీ. బెల్టు, బూట్ల లేసులు, వాచీ, ఫోను, పర్సు ఒక్కొక్కటిగా రాసుకుని సంచిలో వేసి సీలు వేస్తారు, సంతకం తీసుకుంటారు. మెడకు చుట్టుకునే వీలున్నది ఏదీ ఉంచరు. మంగళసూత్రం, పసుపుతాడు, జంధ్యం, మొలతాడు, చేతికి కట్టుకున్న దారం, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. సిబ్బందికి వాటి అర్థం తెలియదు. తెలిసినా తీయమనే అంటారు. జాబితాలో 'పసుపు రంగు లోహపు గొలుసు' అని రాస్తారు. బంగారం అని రాస్తే రేపు అది బంగారం కాకపోతే జవాబు చెప్పాల్సి వస్తుందని ఆ జాగ్రత్త. ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు వస్తువులు సరిగా ఉన్నాయో లేదో చదువుకోవాలి. చాలామంది ఆ కంగారులో చదవరు.

నగదును ఇంకో లెక్కలో రాసి జైలు ఖాతాలో వేస్తారు. బయటికి వచ్చేటప్పుడు అది నోట్ల రూపంలో రాకపోవచ్చు. చెక్కు ఇచ్చే జైళ్లున్నాయి, వాడిన ప్రతిసారీ చార్జీలు కోసే డెబిట్ కార్డు ఇచ్చే జైళ్లూ ఉన్నాయి. ఫోన్ విషయంలో ఒక ఊరట ఉంది. అరెస్టయిన మనిషి సెల్‌ఫోన్ లోపలి సమాచారం వారంట్ లేకుండా చూడకూడదని 2014లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అడిగితే పాస్‌వర్డ్ చెప్పేసేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి.

ఇక ప్రశ్నలు. సినిమాలు చూసిన జ్ఞానంతో చాలామంది 'మౌనంగా ఉండే హక్కు' గురించి చదివి వినిపించలేదు కాబట్టి కేసు చెల్లదనుకుంటారు. ఆ హెచ్చరిక అవసరమయ్యేది కస్టడీలో నేరం గురించి విచారించినప్పుడు. పేరు, చిరునామా, పుట్టిన తేదీ, వయసు, ఎత్తు, బరువు, కళ్ల రంగు లాంటి బుకింగ్ ప్రశ్నలకు దాంతో పనిలేదని 1990లోనే తేలింది. వాటికి సూటిగా, నిజంగా జవాబు చెప్పడమే మంచిది. గొడవ ఎలా మొదలైంది, ఎన్ని పెగ్గులు తాగారు అనేవి బుకింగ్ ప్రశ్నలు కావు. కౌంటర్ దగ్గర కబుర్ల ధోరణిలో అడిగినా సరే. తెలుగువాళ్లకు ఇక్కడో బలహీనత ఉంది. నాలుగు మాటలు వివరంగా చెప్పుకుంటే అధికారి అర్థం చేసుకుని వదిలేస్తాడన్న నమ్మకం. బుకింగ్ కౌంటర్‌లో ఉన్న డెప్యూటీకి, అంటే షెరిఫ్ కింద పనిచేసే ఉద్యోగికి, వదిలే అధికారం లేదు. ఆయన పని టైప్ చేయడం.

ఆ టైప్ చేయడంలోనే తెలుగు పేర్లకు మొదటి ఇబ్బంది. ఇంటిపేరు ముందు, పేరు వెనక. కొందరి పాస్‌పోర్ట్‌లో రెండూ కలిపి ఒకే గడిలో ఉంటాయి. అప్పుడు వీసా మీద మొదటి పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని పడుతుంది. డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకోలా ఉంటుంది. జైలు కంప్యూటర్‌లో ఏ పేరు ఏ గడిలో పడిందో తెలియక, కౌంటీ వెబ్‌సైట్‌లో వెతికే స్నేహితులకు మనిషి కనపడడు. కనపడలేదంటే వేరే జైలుకు తీసుకెళ్లారేమోనని టెన్షన్. పేర్లు అటూ ఇటూ మార్చి, పుట్టిన తేదీతో వెతకడం, లేదా జైలుకు ఫోన్ చేసి బుకింగ్ నంబర్ అడగడం దీనికి మార్గం. ఆ నంబర్ దొరికితే మిగతా పనులన్నీ దాని మీదే నడుస్తాయి. లోపల పేరుతో పని తక్కువ.

ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలు వేరే రకం. షుగర్, బీపీ, ఆస్తమా, వాడుతున్న మందులు, టీబీ లక్షణాలు, గతంలో ఆత్మహత్యకు ప్రయత్నించారా, ఇప్పుడు ఆ ఆలోచన ఉందా. ఇక్కడ పరువు చూసుకుని లేదు లేదు అంటూ పోతే నష్టం మనకే. ఇంటి నుంచి తెచ్చిన మందు సీసా లోపలికి రానివ్వరు. ఫార్మసీకి ఫోన్ చేసి నిర్ధారించుకుని జైలు వాళ్లే ఇస్తారు. రాసుకోని జబ్బుకు మందు రాదు. జవాబు రాసుకున్నంత మాత్రాన కూడా సరిపోదని చెప్పే కేసు ఒకటుంది. 2015 జులై 10న టెక్సస్‌లోని వాలర్ కౌంటీలో 28 ఏళ్ల శాండ్రా బ్లాండ్‌ను, సిగ్నల్ ఇవ్వకుండా లేన్ మారిందని ఆపి, మాటా మాటా పెరిగాక అరెస్ట్ చేశారు. బెయిల్ 5,000 డాలర్లు. అందులో పదో వంతు, అంటే దాదాపు 500 డాలర్లు కడితే బయటికి వచ్చేది. మూడు రోజుల తర్వాత, 13న ఉదయం, సెల్‌లో ఉరికి వేలాడుతూ కనిపించింది. గతంలో ఆత్మహత్యకు ప్రయత్నించిన సంగతి బుకింగ్ కాగితాల్లోనే ఉంది. రాసుకున్న చేతికీ, కాపలా కాయాల్సిన కంటికీ మధ్య సంబంధం తెగిపోయింది. 2017లో టెక్సస్ ఆమె పేరుతోనే ఒక చట్టం చేసింది. సెల్ దగ్గరికి నిజంగానే వెళ్లి చూశారా లేదా అన్నది యంత్రాలతో నమోదు చేయాలని, జైలు మరణాలను బయటి సంస్థ దర్యాప్తు చేయాలని అందులో ఉంది.

ఫొటో తీయడానికి ఒక నిమిషం కూడా పట్టదు. ఎదురుగా ఒకటి, కొన్నిచోట్ల పక్క నుంచి ఒకటి. ఆ ఫొటో ఎవరికి కనపడుతుందన్నది మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఫ్లోరిడా, టెక్సస్ లాంటి చోట్ల చాలా కౌంటీల వెబ్‌సైట్లలో పేరు, ఫొటో, ఆరోపణ కొన్ని గంటల్లోనే అందరికీ తెరిచి ఉంటాయి. వాటిని ఏరుకుని తమ సైట్లలో పెట్టుకుని, తీసేయడానికి డబ్బు అడిగే వ్యాపారం కూడా నడిచింది. చాలా రాష్ట్రాలు తర్వాత దాన్ని నిషేధించాయి. సిరా పూసి వేలిముద్రలు తీసే రోజులు పోయాయి. గాజు పలక మీద పది వేళ్లు, అరచేతులు పెడితే చాలు. వాటి ప్రయాణం పెద్ద కథ, కాసేపాగి చెప్పుకోవచ్చు.

బట్టలన్నీ విప్పించి చూడటం గురించి భారతీయులకు మొదట తెలిసింది 2013 డిసెంబర్‌లో. న్యూయార్క్‌లో మన డిప్యూటీ కాన్సుల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను వీసా పత్రాల కేసులో అరెస్ట్ చేసి అలాగే సోదా చేశారు. దేశం భగ్గుమంది. ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం ముందున్న బారికేడ్లు తీసేశారు. సోదా చేసిన ఫెడరల్ మార్షల్స్, అంటే కేంద్ర ప్రభుత్వ పోలీసులు, చెప్పిన జవాబు ఒకటే, అందరికీ చేసే పద్ధతే ఆమెకూ చేశామని. ఆ జవాబు కటువుగా ఉన్నా అబద్ధం కాదు. అంతకు ఏడాది ముందే, 2012లో, ఆల్బర్ట్ ఫ్లోరెన్స్ కేసులో సుప్రీంకోర్టు దారి తెరిచింది. న్యూజెర్సీలో ఆయన కారును ఆపినప్పుడు జరిమానా కట్టలేదన్న వారంట్ కంప్యూటర్‌లో కనపడింది. జరిమానా ఎప్పుడో కట్టేశాడు, రికార్డులో తీసేయలేదంతే. దాదాపు వారం రోజులు రెండు కౌంటీ జైళ్లలో ఉన్నాడు, రెండు చోట్లా బట్టలు విప్పించారు. జైల్లో మిగతా ఖైదీలతో కలిపి ఉంచబోయే ఎవరినైనా, నేరం ఎంత చిన్నదైనా అలా సోదా చేయవచ్చని కోర్టు అయిదు-నాలుగు తేడాతో చెప్పింది. కొన్ని గంటల్లో బాండ్ మీద బయటపడేవాళ్లు సాధారణంగా బుకింగ్ హాల్లోనే ఉండిపోతారు కాబట్టి వాళ్ల దాకా ఇది రాకపోవచ్చు.

ఆ హాల్లో జరిగే అసలు పని ఎదురుచూడటం. సిమెంటు బెంచీలు, మూల ఒక స్టీలు టాయిలెట్, ఎముకలు కొరికే ఏసీ, ఎప్పుడూ ఆరని లైట్లు. పక్కన తాగిన మత్తులో అరిచే మనిషి. తినడానికి చల్లటి శాండ్‌విచ్, మధ్యలో మాంసం ముక్క. శాకాహారం కావాలంటే అర్జీ పెట్టుకోవాలి, అది తేలేసరికి చాలామంది బయటికి వచ్చేస్తారు. రాత్రి ఇంకా ఉంచాల్సి వస్తే వర్గీకరణ అని ఇంకో ఇంటర్వ్యూ ఉంటుంది. పాత కేసులు, ఆరోపణ తీవ్రత, శత్రువులెవరైనా లోపల ఉన్నారా, లైంగిక దాడికి గురయ్యే ప్రమాదం ఉందా అని చూసి ఎక్కడ ఉంచాలో తేలుస్తారు.

ఒక్క ఫోన్ కాల్ హక్కు అనేది సినిమాల పుణ్యమే. రాజ్యాంగంలో అలాంటిదేమీ లేదు, రాష్ట్ర చట్టాల్లో ఉంది. కాలిఫోర్నియాలో అరెస్టయిన మూడు గంటల్లోపు మూడు కాల్స్ చేసుకోనివ్వాలి. కానీ ఎవరికి చేయాలి? నంబర్లన్నీ సీలు వేసిన సంచిలోని ఫోన్లో ఉన్నాయి. జైలు ఫోన్ల నుంచి ఇండియాకు కాల్ కలవడం అరుదు. కాబట్టి అమెరికాలో ఉన్న ఒక్క మనిషి నంబరైనా నోటికి వచ్చి ఉండాలి. ఇంకో సంగతి, లాయర్‌తో మాట్లాడేవి తప్ప జైలు ఫోన్లో ప్రతి మాటా రికార్డవుతుంది. తెలుగులో మాట్లాడితే వాళ్లకేం తెలుస్తుందిలే అనుకోవడం అమాయకత్వం. టెక్సస్‌లో తెలుగు అనువాదకులు దొరకడం అంత కష్టమేమీ కాదు.

స్క్రీన్ మీద జడ్జి

వారంట్ లేకుండా అరెస్ట్ చేస్తే, అరెస్ట్‌కు తగిన కారణం ఉందా లేదా అని 48 గంటల్లోపు న్యాయాధికారి చూడాలని రివర్‌సైడ్ కౌంటీ కేసులో 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్తోంది. ఆ పని జడ్జి కాగితం మీదే చేయవచ్చు, మనిషి ఎదురుగా ఉండక్కర్లేదు. టెక్సస్ చట్టం ఇంకాస్త ముందుకెళ్లి, మనిషినే 48 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలంటుంది. నిలబెట్టడం అంటే ఈ రోజుల్లో చాలాచోట్ల వీడియో తెర ముందు నిలబెట్టడం. ఆరోపణ చదువుతారు, హక్కులు చెప్తారు, ప్రభుత్వ ఖర్చుతో లాయర్ కావాలా అని అడుగుతారు, బెయిల్ మొత్తం చెప్తారు. మొత్తం అయిదు నిమిషాలు పట్టదు. కేసు గురించి మొరపెట్టుకునే చోటు అది కాదు. అక్కడ మాట్లాడింది కూడా రికార్డే.

బెయిల్ డబ్బు మొత్తం కడితే కేసు అయ్యాక వెనక్కి వస్తుంది. అంత లేనివాళ్లు బాండ్ ఏజెంట్‌కు సుమారు పదో వంతు ఇస్తారు, అది తిరిగి రాదు. వ్యాపారంగా బెయిల్ నడిచే దేశాలు ప్రపంచంలో రెండే, అమెరికా, ఫిలిప్పీన్స్. ఇలినాయ్ 2023 సెప్టెంబర్‌లో డబ్బు బెయిల్‌నే పూర్తిగా ఎత్తేసింది. హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో పరిస్థితి కోర్టు మెట్లెక్కాకే మారింది. చెల్లని లైసెన్స్‌తో కారు నడిపిందని అరెస్టయిన మరాండా ఓడానెల్ అనే తల్లి 2,500 డాలర్లు కట్టలేక లోపలే ఉండి 2016లో కేసు వేసింది. 2019లో కుదిరిన ఒప్పందంతో అక్కడ చిన్న నేరాల్లో చాలామందిని డబ్బు లేకుండా, సొంత పూచీ మీద వదలడం మొదలుపెట్టారు.

ఇంటి గొడవల కేసుల్లో తేడా ఉంది. నార్త్ కరోలినాలో మొదటి 48 గంటలు జడ్జి తప్ప ఇంకెవరూ బెయిల్ షరతులు పెట్టకూడదు. అంటే శుక్రవారం రాత్రి అరెస్టయితే వారాంతం లోపలే గడిచే అవకాశముంది. బెయిల్ వచ్చాక కూడా భార్యను కలవొద్దు, ఇంటికి వెళ్లొద్దు, మెసేజ్ పెట్టొద్దు అని ఆర్డర్ ఉంటుంది. మన పెద్దలు చేసే మొదటి పని ఇద్దరినీ ఫోన్లో కలిపి రాజీ చేయించడం. ఆర్డర్ ఉండగా అలా మాట్లాడితే అది కొత్త నేరం, మళ్లీ బుకింగ్.

వేళ్ల ముద్రలు ఎక్కడికి వెళ్తాయి

గాజు పలక మీద పెట్టిన వేలిముద్రలు ముందు రాష్ట్ర పోలీసు డేటాబేస్‌కు, అక్కడి నుంచి ఎఫ్‌బీఐకి వెళ్తాయి. వేరే ఊళ్లో వారంట్ ఉందా, దొంగ పేరు చెప్పాడా అన్నది కాసేపట్లో తెలిసిపోతుంది. 2008లో మొదలై 2013 నాటికి దేశమంతా పరుచుకున్న ఏర్పాటు వల్ల ఎఫ్‌బీఐకి చేరిన ముద్రలు ఇమ్మిగ్రేషన్ శాఖకు కూడా చేరతాయి. అక్కడ అవి తమ పాత జతను కలుసుకుంటాయి. హైదరాబాద్‌లో వీసా కోసం వెళ్లినప్పుడు ఇచ్చిన పది వేళ్ల ముద్రలు అవి.

పుట్టిన దేశం ఏదన్న ప్రశ్న దగ్గర ఉన్న చిక్కు ఇక్కడే అర్థమవుతుంది. ఇమ్మిగ్రేషన్ హోదా గురించి జవాబు చెప్పకుండా ఉండే హక్కు ఉందని లాయర్లు చెప్తారు. మరోవైపు, 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం విదేశీయుణ్ని నిర్బంధిస్తే అతని దేశపు కాన్సులేట్‌కు చెప్పించుకునే హక్కు అతనికుంది, ఆ సంగతి అతనికి తెలియజేయాలి. చైనా, ఫిలిప్పీన్స్ లాంటి కొన్ని దేశాల పౌరుల విషయంలో అడగకపోయినా చెప్పి తీరాలి. ఇండియా ఆ జాబితాలో లేదు. కాబట్టి మనవాళ్లు నోరు తెరిచి అడిగితేనే హ్యూస్టన్ కాన్సులేట్‌కో అట్లాంటా కాన్సులేట్‌కో కబురు వెళ్తుంది. నోరు తెరిచి అడగాలంటే ఏ దేశమో చెప్పాలి. వీసా మీద వచ్చినవాళ్ల విషయంలో ఈ దాపరికం వల్ల లాభం తక్కువే. వేళ్లు అప్పటికే చెప్పేశాయి కదా. కాన్సులేట్ వాళ్లు లాయర్ల జాబితా ఇస్తారు, ఇంటికి కబురు చేస్తారు, అవసరమైతే వచ్చి చూస్తారు. బెయిల్ కట్టరు, విడిపించలేరు.

చట్టబద్ధంగా ఉండటం లేదని ఇమ్మిగ్రేషన్ శాఖ భావిస్తే, విడుదల చేయాల్సిన సమయం దాటాక ఇంకో 48 గంటల దాకా ఉంచమని జైలును కోరుతుంది. టెక్సస్‌లో 2017 చట్టం ప్రకారం జైళ్లు ఆ కోరిక మన్నించాలి. అప్పుడు బాండ్ కట్టినా మనిషి గేటు దాటి రాడు, ఇమ్మిగ్రేషన్ చేతికి వెళ్తాడు. బాండ్ డబ్బు కట్టే ముందు ఈ హోల్డ్ ఉందో లేదో అడగకపోతే స్నేహితుల చందా డబ్బు అక్కడ ఇరుక్కుపోతుంది.

వీసా ఉన్నవాళ్ల కష్టం వేరు, అది నెమ్మదిగా వస్తుంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, శిక్ష పడకపోయినా వీసా రద్దు చేసే విధానం విదేశాంగ శాఖలో 2015 నుంచి ఉంది. అమెరికాలో ఉన్నంతకాలం చదువో ఉద్యోగమో సాగొచ్చు. చెల్లెలి పెళ్లికి ఇండియా వస్తే మాత్రం మళ్లీ కొత్త వీసా, వైద్య పరీక్ష. 2025 వసంతంలో జరిగింది ఇంకా పెద్దది. ఇమ్మిగ్రేషన్ శాఖ విదేశీ విద్యార్థుల పేర్లను పోలీసు డేటాబేస్‌తో పోల్చి, పేరు తగిలినవాళ్ల విద్యార్థి రికార్డులు రద్దు చేసింది. 4,700 మందికి పైగా దెబ్బతిన్నారు. కేసు కొట్టేసినవాళ్లు, ట్రాఫిక్ టికెట్‌తో పోయినవాళ్లు కూడా అందులో ఉన్నారు. అమెరికన్ ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 ఉదంతాల్లో సగం భారతీయులవి. కోర్టుల్లో వరసగా కేసులు పడ్డాక ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరించింది.

రికార్డు మనిషి కంటే వేగంగా పరుగెత్తడం, తప్పైనా సరే దాన్నే నమ్మడం కొత్తేమీ కాదు. టెక్సస్‌లోని గిలెస్పీ కౌంటీలో 2002లో వాల్టర్ రాత్‌గెరీని, శిక్ష పడిన నేరస్థుడై ఉండి తుపాకీ పెట్టుకున్నాడని పట్టుకున్నారు. అతనికి ఎప్పుడూ అలాంటి శిక్ష పడలేదు. కాలిఫోర్నియాలో కొట్టేసిన పాత కేసు కంప్యూటర్‌లో శిక్షగా కనపడింది. లాయర్‌ను ఇవ్వమని అడిగినా నెలల తరబడి ఇవ్వలేదు. మధ్యలో మూడు వారాలు జైల్లో ఉన్నాడు. చివరికి వచ్చిన లాయర్ కాగితాలు తెప్పించి చూపించగానే కేసు పోయింది. మేజిస్ట్రేట్ ముందుకు మొదటిసారి వచ్చిన క్షణం నుంచే లాయర్ హక్కు మొదలవుతుందని 2008లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది జడ్జిల మెజారిటీతో చెప్పడానికి ఈ కేసే కారణం. రికార్డులు దాచిపెట్టే ఈ దారి మన దగ్గరా మొదలైంది. 2022 నాటి గుర్తింపు చట్టం ప్రకారం తీసుకున్న కొలతలు 75 ఏళ్లు భద్రపరుస్తారు.

బాండ్ కట్టాక కూడా తలుపు వెంటనే తెరుచుకోదు. ఇంకోసారి వారంట్ల తనిఖీ, వేలిముద్రతో మనిషిని సరిచూసుకోవడం, వస్తువుల సంచి. నాలుగు గంటలు పట్టొచ్చు, పన్నెండు పట్టొచ్చు. బయటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటి ఉంటుంది, ఫోన్‌లో చార్జింగ్ ఉండదు, కారు ఏదో యార్డులో రోజువారీ అద్దె లెక్కలో ఉంటుంది. తర్వాత కేసు కొట్టేస్తే టెక్సస్‌లో ఆ రికార్డును చెరిపేయమని కోర్టును అడగవచ్చు. చెరిపేశాక కౌంటీ వెబ్‌సైట్‌లో పేరు కనపడదు, ఉద్యోగమిచ్చే కంపెనీ తనిఖీలోనూ రాకూడదు. చెరిపేయించుకునే ముందు మాత్రం ఆ కోర్టు కాగితాల ధ్రువీకరించిన నకళ్లు తీసి దాచుకోమని లాయర్లు చెప్తారు. వీసా దరఖాస్తు డీఎస్-160లో ఒక ప్రశ్న ఉంటుంది. ఏ నేరానికైనా ఎప్పుడైనా అరెస్టయ్యారా లేదా శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పండి అని. కేసు ఏమైందని అది అడగడం లేదు. అవును అని టిక్ పెట్టి, కింద ఉన్న గడిలో ఆ రాత్రి సంగతి రాసి, ఆ నకళ్లు పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లాలి.